పంపు బందు పెట్టినంక

ఇరవై ఏడేండ్లు నీళ్లు తోడిన,
తాగెటందుకు కాదు, మునగకుంట ఉండెటందుకు.
బాయి అంటే మాకు బొగ్గుబాయే.
అండ్ల నీళ్లంటే పగోడు.
నిద్రపోడు, పండుగ తెల్వదు,
ఒక్క గంట ఏమరితే
మోకాలి దాక ఎక్కి నిలబడేటోడు.

మూడు నెలలకోపారి ఇంపెల్లర్ మార్చాలె.
ఇనుపది, అరచెయ్యంత రెక్కలు.
విప్పి చూస్తే ఎలుకలు కొరికిన రొట్టె.
స్టోర్ కీపర్ రాజలింగు రిజిస్టర్ తిప్పుకుంట
"ఓదెలూ, అమ్ముకుంటున్నవా ఏంది?" అనేటోడు.
నవ్వేటోన్ని.
ఇనుమును తినే నీళ్లు
ఇంకేం తింటయో అడగాలన్న తెలివి
ఆ నవ్వుల కొట్టుకపోయింది.

బొగ్గు అయిపోయిందన్నరు.
అయిపోలే, లెక్క కుదరలే.
టబ్బులు గుంజిండ్రు, రోపులు చుట్టిండ్రు,
బాయి మూతికి గోడ కట్టిండ్రు.
ఆఖరి స్విచ్చు నేనే కొట్టిన, ఈ చేత్తోనే.
చప్పుడు ఆగంగనే
చెవుల్లకెల్లి ఏదో ఊడిపడ్డట్టయింది.
లాగ్‌బుక్కుల "పంపు బంద్" అని రాసి సంతకం పెట్టిన.
మ్యానేజరు స్వీటు డబ్బా ఇచ్చిండు.

నీళ్లకు సంతకం తెల్వదు.
చీకట్ల, మేం చెమట కార్చిన ఒక్కొక్క లెవెలూ ముంచుకుంట,
విడిచిపెట్టిన బొగ్గు కంబాలను నాకుకుంట
ఆరేండ్లు పైకి నడిచినయి.
ఏడో ఏడు, ముసురు పట్టిన వారం,
గోడ కింది పగులు నుంచి బయటికొచ్చి
మా ఒర్రెల కలిసినయి.

మొదలు అందరికి ముద్దొచ్చింది.
రాళ్లకు జాజు పూసినట్టు ఒర్రె.
కొమురక్క బకెట్‌తోని ఆ ఒండు ఎత్తుకొచ్చి
పైస ఖర్చు లేని జాజని గడపకు పూసింది.
దాని మీద ముగ్గు ఎంత తెల్లగ తేలిందో!
వాడకట్టంత పూసుకున్నరు. మా ఇల్లు గూడ.

ఎండ్రికాయలు దొరుకుతలేవని
పోశం చిన్నకొడుకు ఖాళీ డబ్బా ఊపుకుంట వచ్చిండు.
కొంగలు రావుడు బందయింది,
దాన్ని ఎవలు లెక్కవెట్టలే,
కొంగకేంది, ఇంకో ఒర్రె చూసుకుంటది.
మా బర్రె మూతి పెట్టి, తల ఎత్తి
నా మొఖం దిక్కు చూసింది.
కొట్టి తాపిన. తాగింది.

వరంగల్ నుంచి ఒక పిల్ల వచ్చింది, సుమయ్య,
సంచి నిండ సీసాలు, చేతులకు గ్లౌజులు.
ఎర్రగున్నకాడ ముంచుతదనుకున్న.
గోడ పగులు దగ్గరికి పోయి
నీళ్లు అద్దమోలె ఉన్నకాడ కూసున్నది.
"ఎరుపు కండ్లకు కనబడుతది తాతా,
కరిగిపోయింది కనబడది" అన్నది.
సీసం, ఆర్సెనిక్, మాంగనీసు.
బాయిల మేమెన్నడు పిలవని పేర్లు.
మస్టర్ల లేకున్నా
మా పక్కపొంటే ఉన్నరంట ఇన్నేండ్లు.

బాయిల గాలి చెడితే దీపం చెప్పేది.
మంట మీద నీలి టోపీ లేస్తే
సర్దారు కేకేసేటోడు, ఉరికేటోళ్లం.
"నీళ్లకు దీపమేది బిడ్డా?" అని అడిగిన.
ఆ పిల్ల సీసా మూత బిగించుకుంట
చానసేపు ఏమనలే.
"రిపోర్టు నెలకొస్తది" అన్నది.
అప్పటికెల్లి రెండు వానకాలాలు పోయినయి.

మూడో షిఫ్టు టైముకు ఇప్పటికీ మెలకువొస్తది.
చెవి పంపును వెతుకుతది.
ఒర్రె వినబడుతది.
పొద్దుగాల కొమురక్క కొడవలితోని గడప గోకుతనే ఉంటది,
ఎరుపు కట్టె లోపటికి ఇంకింది.

పాత లాగ్‌బుక్కుల ఇంకిన్ని పేజీలు మిగిలినయి.
ఎవలు అడగకున్నా రాస్తున్న:
షిఫ్టు, మూడు.
నీళ్ల మట్టం, మా ఇంటి గడప.
పంపు, లేదు.
రిలీవరు,
ఇంకా రాలే.